కుంగ్స్‌లేదెన్ స్కీ యాత్రలో ఆఖరి రోజు: కెబ్నెకైసె నుంచి నిక్కలుఒక్తా దాకా

కుంగ్స్‌లేదెన్ అంటే స్వీడన్ కొండల్లో సాగే పొడవాటి నడక, స్కీ దారి. స్వీడన్ ఉత్తర కొసన అబిస్కోలో స్కీలు కట్టుకుని దక్షిణంగా బయలుదేరితే, నిక్కలుఒక్తా చేరేసరికి సుమారు 105 కిలోమీటర్లు అవుతుంది. మామూలుగా ఏడు రోజుల ప్రయాణం. అబిస్కోయౌరె, అలెస్‌యౌరె, చెక్త్యా, సెల్కా, సింగి, కెబ్నెకైసె... రాత్రికో మజిలీ. ఈ దారి గురించి ఎవరిని అడిగినా చెక్త్యా కనుమ దగ్గర జాగ్రత్త అంటారు. 1,150 మీటర్ల ఎత్తు, అడ్డూ ఆపూ లేని గాలి. ఆ మాట నిజమే. కానీ నేను ఈ దారిన రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ నాకు ఇబ్బంది వచ్చింది కనుమ దగ్గర కాదు, ఆఖరి రోజున. కెబ్నెకైసె మౌంటెన్ స్టేషన్ (కొండల్లో యాత్రికులు బస చేసే చోటు) నుంచి నిక్కలుఒక్తా దాకా ఉన్న 19 కిలోమీటర్లలో.

ఆ రోజు దారి కష్టమైనదేమీ కాదు. సుమారు 690 మీటర్ల ఎత్తు నుంచి 470కి మెల్లగా దిగడమే. కష్టమంతా మన తలలో ఉంటుంది. కాళ్ళు ఇంకా మంచు మీదే ఉంటాయి, మనసు మాత్రం అప్పటికే బస్సెక్కి కూర్చుంటుంది. వెచ్చటి జాకెట్ బ్యాగు అడుక్కి పోతుంది, మడమ మీద టేప్ వేసుకోబుద్ధి కాదు, థర్మోస్ సగమే నింపుతాం. స్వీడన్‌లో ఉంటూ ఈ మధ్య స్కీ టూరింగ్ మొదలుపెట్టిన మన తెలుగువాళ్ళని చూస్తున్నాను. ఆరు రోజులు ఎంతో శ్రద్ధగా చేసి ఏడో రోజు వదిలేస్తున్నారు. అందుకే ఆ ఒక్క రోజు గురించే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు రోజు రాత్రి: బస్సు దగ్గర్నుంచి వెనక్కి లెక్క

నిక్కలుఒక్తా నుంచి కిరునా పట్టణానికి బస్సు ఉంటుంది. రోజుకి చాలా బస్సులేమీ ఉండవు, సీజన్‌ని బట్టి టైములు మారతాయి. ఇంటి దగ్గరే టైము చూసి కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ ఉందన్న ధీమా చలికి చచ్చిపోయే బ్యాటరీ ముందు పనికిరాదు.

లెక్క ఎప్పుడూ వెనక్కి వేయాలి. ఉదాహరణకి బస్సు సాయంత్రం 4కి అనుకుందాం. 3 గంటలకల్లా చేరాలి. గట్టిపడ్డ ట్రాక్ మీద బ్యాగుతో గంటకి 4 కిలోమీటర్లు వెళ్ళగలం అనుకుంటే 19 కిలోమీటర్లకి 4 గంటల 45 నిమిషాలు. ఆగి తాగి తినడానికి ఓ గంట. అనుకోనిదానికి ఇంకో అరగంట. అంటే ఉదయం 8:45కి స్కీలు కదలాలి. లేవడం కాదు, తలుపు దగ్గర నిలబడటం కాదు, కదలాలి. లేచినప్పటి నుంచి కదిలేదాకా నాకూ మా బావమరిదికీ, ఇద్దరికే రెండున్నర గంటలు పడుతుంది. కాబట్టి అలారం 6:15కి.

మీ వేగం నాలుగో మూడో ఎలా తెలుస్తుంది? గడిచిన ఆరు రోజులే చెప్తాయి. సింగి నుంచి కెబ్నెకైసె 14 కిలోమీటర్లు. ఆ రోజు ఎన్ని గంటలు పట్టిందో చూడండి. ఆ వేగమే రేపటిది. రేపు దిగుడు కాబట్టి తొందరగా అయిపోతుందని కలుపుకోవద్దు. దిగుడులో మిగిలే టైము అలసటకి పోతుంది.

విమానమో రాత్రి రైలో అదే రోజు పెట్టుకున్నవాళ్ళకి ఒకటే మాట చెప్తాను. వీలైతే మర్నాటికి మార్చుకోండి. నిక్కలుఒక్తాలోనో కిరునాలోనో ఒక రాత్రికి అయ్యే ఖర్చు, తుపానులో బలవంతంగా బయలుదేరడం కంటే ఎప్పుడూ చవకే. కొండల్లో వెనక్కి తిరగడం సిగ్గుపడే పని కాదని నార్వేవాళ్ళ పర్వత నియమాల్లో ఒక నియమమే ఉంది. టికెట్ చేతిలో ఉన్నప్పుడు ఆ నియమం గుర్తుకురావడమే కష్టం.

రాత్రి చూసుకోవాల్సినవి ఇంకో మూడున్నాయి. స్టేషన్ నోటీసు బోర్డు మీద వాతావరణ సూచన చదవండి, ముఖ్యంగా గాలి వేగం. మైనస్ 10 డిగ్రీల్లో సెకనుకి 10 మీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 20లా తగులుతుంది. బూట్ల లోపలి పొర బయటికి లాగి డ్రైయింగ్ రూములో ఆరబెట్టండి. ఇక స్క్రూడ్రైవర్ తీసుకుని బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగులు నాలుగూ ఒక్కసారి బిగించి చూడండి. ఈ మూడోది ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

పొద్దున్న: తిండి, కాళ్ళు, మైనం

కెబ్నెకైసెలో రెస్టారెంటు ఉంది, సిబ్బంది ఉన్నారు. కాబట్టి ముందటి క్యాబిన్లలోలా నీళ్ళు మోయడం, కట్టెలు కొట్టడం, నేల ఊడవడం ఉండవు. ఆ మిగిలిన టైము తిండి మీద పెట్టండి. గంజిలా వండే ఓట్స్, బ్రెడ్డు, గుడ్లు కడుపు నిండా తినండి. ఆఖరి రోజే కదా, కింద కేఫ్‌లో తిందాంలే అనుకుంటే సరస్సు మధ్యలో కాళ్ళు మొరాయిస్తాయి.

దారి తిండి గురించి మనవాళ్ళకి ఒక మాట. మా అమ్మ పంపిన సున్నుండలు మొదటిసారి బ్యాగు పై అరలో పెట్టుకెళ్ళాను. మైనస్ 15లో నెయ్యి గడ్డకట్టి ఉండ రాయిలా అయిపోయింది. పన్ను పోతుందేమో అనిపించింది. రెండోసారి ఉండలని ముందే నాలుగు ముక్కలు చేసి, చొక్కా లోపలి జేబులో అరగంట పెట్టుకుని తిన్నాను. నోట్లో వేసుకుంటే కరిగిపోయింది. దాన్ని మించిన స్కీ తిండి నాకింతవరకూ దొరకలేదు. వేయించిన పల్లీలు, బెల్లం కూడా బాగుంటాయి. పల్లీపట్టీ ఇంటి దగ్గరే చిన్న ముక్కలు చేసి తెచ్చుకోండి, గ్లవ్స్‌తో విరవలేరు.

థర్మోస్ నిండా నింపండి. స్వీడన్‌వాళ్ళు వేడి బ్లూబెర్రీ సూప్ పోసుకుంటారు. తియ్యగా, కాస్త చిక్కగా ఉంటుంది, చల్లటి గాలిలో తాగితే ప్రాణం లేచొస్తుంది. అల్లం టీ అయినా సరే, చక్కెర మాత్రం ఎక్కువ వేయండి.

తర్వాత పాదాలు. మడమ మీద ఎర్రబడ్డ చోటు ఉంటే బొబ్బ కాకముందే టేప్ వేయాలి. చర్మం పొడిగా తుడిచి, ముడతలు లేకుండా అతికించి, దాని మీద సన్నటి సాక్సు, ఆపైన మందపుది. ఆఖరి రోజుకి టేప్ ఎందుకులే అనిపిస్తుంది. 19 కిలోమీటర్లలో మడమ ఎన్ని వేలసార్లు లేచి పడుతుందో ఒక్కసారి తలుచుకోండి.

స్కీల అడుగున పట్టు కోసం రాసే మైనం సంగతికొద్దాం. అందరూ గ్రిప్ వ్యాక్స్ అనే అంటారు. చలి ఎక్కువుంటే నీలం, సున్నాకి దగ్గర పడుతుంటే ఊదా, తడి మంచుకి ఎరుపు. పాదం కింద భాగంలోనే రాయాలి, కొస నుంచి కొసకి కాదు. ఒకే మందపాటి పూత వేయకండి. నాలుగు పల్చటి పూతలు వేసి, ప్రతి పూతనీ కార్క్‌తో రుద్ది నున్నగా చేయండి. గట్టి మైనం మీద మెత్తటిది నిలుస్తుంది, మెత్తటిదాని మీద గట్టిది నిలవదు. అందుకే పొద్దున్న నీలంతో మొదలుపెట్టి, మధ్యాహ్నం ఎండకి జారుతుంటే దాని మీద ఊదా రాసుకోవాలి. రాసేటప్పుడు స్కీ అడుగు పొడిగా ఉండాలి. గదిలో రాస్తే, వెంటనే తొక్కకుండా పది నిమిషాలు బయట చల్లారనివ్వండి. వెచ్చటి స్కీ మంచు మీద పెడితే అడుగంతా గడ్డ కట్టుకుపోతుంది.

బ్యాగు సర్దడంలో ఒకే ఒక్క నియమం: ఏడో రోజు కూడా మొదటి రోజులాగే. మందపు జాకెట్ పైన. గాలి సంచి, అంటే తుపానులో ఇద్దరు ముగ్గురు లోపల దూరి కూర్చునే సంచి, దాని పక్కన. పార చేతికి అందేలా. హెడ్‌ల్యాంపు, మ్యాపు, దిక్సూచి పై అరలో. గాలి సంచి ఇక అక్కర్లేదని అడుక్కి తోసేసేది సరిగ్గా ఈ రోజునే.

మొదటి గంట: దిగుడు

స్టేషన్ తలుపు దాటగానే ఒకసారి వెనక్కి చూడండి. తువోల్పగోర్ని కొండ నెత్తి మీద గరిటెతో తొలిచినట్టు ఒక గుంట కనిపిస్తుంది. దేశంలోకెల్లా ఎత్తైన కెబ్నెకైసె దాని వెనకాల ఉంది. ఆ పర్వతానికి రెండు శిఖరాలు. దక్షిణ శిఖరం నెత్తి మీద ఉన్నది హిమానీనదం. అది కరిగి తగ్గిపోవడంతో 2019లో కొలిచినప్పుడు రాతితో ఉన్న ఉత్తర శిఖరమే ఎక్కువ ఎత్తని తేలింది. మనం తొక్కే మంచు ఎంత కాలం ఉంటుందో అన్న దిగులు నాకు ఆ కొండ దగ్గరే పట్టుకుంది.

ఇక దిగుడు. పొద్దున్నపూట ట్రాక్ రాత్రి గడ్డకట్టిన ఐసుతో మెరుస్తూ ఉంటుంది. నిన్న మధ్యాహ్నం మెత్తగా ఉన్నప్పుడు పడిన గాడులన్నీ రాత్రికి బిగుసుకుని పట్టాల్లా తయారవుతాయి. మీ స్కీ అందులో పడితే అది ఎటు తీసుకెళ్తే అటే. కాళ్ళు ఇంకా వేడెక్కలేదు, వీపు మీద 12, 15 కిలోలు. ఆఖరి రోజు పడేవాళ్ళలో చాలామంది ఇక్కడే పడతారు.

నేను చేసేది ఇది. బయలుదేరే ముందు అర పొడవు స్కిన్స్ అడుగున అతికిస్తాను. స్కిన్ అంటే ఒకవైపు వాలిన వెంట్రుకలున్న పట్టీ. ఎక్కేటప్పుడు జారనివ్వదు, దిగేటప్పుడు వేగం తగ్గిస్తుంది. సిగ్గుపడాల్సిన పనేం లేదు, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళే అలా చేస్తారు. మోకాళ్ళు వంచి, బరువు రెండు పాదాల మీదా సమంగా పెట్టి, స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెడితే నాగలి ఆకారం వస్తుంది. అంచులు మంచుని గీకి వేగం చంపేస్తాయి. ట్రాక్ మరీ ఐసుగా ఉంటే పక్కనున్న గరుకు మంచులోకి ఒక స్కీ దించండి, అదే బ్రేకు. ఇంకా భయమేస్తే స్కీలు విప్పి నడిచి దిగండి. 300 మీటర్లు నడిస్తే పోయేది పది నిమిషాలే.

పడక తప్పదనిపిస్తే పక్కకి, వెనక్కి కూర్చున్నట్టు పడండి. చేతులు ముందుకి చాచకండి, మణికట్టు విరిగేది అలాగే. లేవడానికి బ్యాగుతో కుస్తీ పట్టొద్దు. ముందు బ్యాగు విప్పండి. వెల్లకిలా తిరిగి స్కీలని విడదీసి, రెండూ వాలుకి అడ్డంగా, మీ కంటే కిందివైపు ఉండేలా పెట్టుకోండి. మోకాళ్ళ మీదికి వచ్చి, అప్పుడు లేవండి. కంగారుగా లేవబోయి మళ్ళీ పడటమే ఎక్కువ అలసట.

సరస్సు మీద

లోయ చదునయ్యాక గుర్తులు లాద్ద్యుయావ్రి సరస్సు మంచు మీదికి తీసుకెళ్తాయి. వేసవిలో పడవలు తిరిగే నీళ్ళే ఇవి. స్వీడన్ కొండల్లో చలికాలపు దారికి గుర్తు స్తంభాల మీద ఎర్రటి ఇంటూ గుర్తు. రాళ్ళ మీద రంగు పూసిన గుర్తులు కనిపించినా వాటి వెంట వెళ్ళొద్దు, అవి వేసవి నడక దారివి. రెండు దారులూ చాలాచోట్ల కలిసినా, విడిపోయేచోట చలికాలపు దారిని కారణం ఉండే వేరుగా వేస్తారు.

మంచు ఎంత గట్టిగా కనిపించినా ఇంటూ గుర్తుల వరస వదలకండి. సరస్సులోకి వాగు కలిసేచోట, సరస్సు నుంచి నీళ్ళు బయటికి పోయేచోట అడుగున ప్రవాహం ఉంటుంది, అక్కడ ఐసు పల్చన. మూల తిరిగితే అరకిలోమీటరు కలిసొస్తుందని అడ్డంగా కోసుకుపోవడం ఆఖరి రోజు పుట్టే ఆలోచన. ఇక్కడివాళ్ళు ఐసు మీదికొచ్చేటప్పుడు రెండు చిన్న మేకు పిడులు మెడలో వేసుకుంటారు. నీళ్ళలో పడితే వాటిని ఐసులోకి దిగ్గొట్టి పైకి పాకడానికి. బరువు ఏమీ ఉండదు, మీరూ వేసుకోండి.

ఏప్రిల్‌లో ఇంకో చిక్కుంది. పైన మంచు పొడిగా కనిపిస్తుంది, దాని కింద ఐసు మీద నీళ్ళు నిలిచి ఉంటాయి. స్కీ దిగబడి తడిసి పైకొచ్చిన క్షణంలోనే అడుగున ఐసు పడుతుంది. అడుగేస్తే ఒక్కో స్కీ ఇటుకంత బరువు. అప్పుడు ఆగి, స్కీ విప్పి, గీకుడు పలకతో పూర్తిగా గీకి, అడుగు ఆరాక మళ్ళీ వ్యాక్స్ రాయాలి. లాక్కుంటూ పోదామనుకుంటే తుంటి నరాలు పట్టేస్తాయి.

గాలి పడమటి నుంచి ఉంటే వెనక నుంచి తోస్తుంది, హాయిగా ఉంటుంది. ఎదురైతే మాత్రం ముఖం మీద కన్నేసి ఉంచాలి. ఎవరి ముఖం వాళ్ళకి కనపడదు కాబట్టి జంటగా చూసుకోండి. పావుగంటకోసారి ముక్కు, బుగ్గలు, చెవి తమ్మెలు. చలికి చర్మం గడ్డకట్టడం మొదలైతే తెల్లమచ్చ వస్తుందని అన్ని చోట్లా రాస్తారు. మన చామనఛాయ చర్మం మీద ఆ తెలుపు అంత స్పష్టంగా కనపడదు. బూడిదరంగుగా, మైనం పూసినట్టు కాంతి లేకుండా ఉంటుంది. రంగు కంటే స్పర్శనే నమ్మండి. వేలితో తాకితే తెలుస్తోందా అని అడగండి. తెలియకపోతే వెచ్చటి అరచెయ్యి కదల్చకుండా ఆనించి ఉంచండి. రుద్దొద్దు, మంచుతో అసలే రుద్దొద్దు. స్పర్శ రాకపోతే గాలి సంచిలో దూరి వెచ్చబడాల్సిందే.

చలువ కళ్ళద్దాలు మబ్బు పట్టిన రోజు కూడా తియ్యకండి. తెల్లటి సరస్సు మీద రెండు గంటలు కళ్ళద్దాలు లేకుండా గడిపితే, రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట.

ఆగడం ఎలా

యాభై నిమిషాలు కదలాలి, పది నిమిషాలు ఆగాలి. ఆగగానే మొదట చేయాల్సింది తాగడం కాదు, జాకెట్ వేసుకోవడం. చెమట ఆరుతూ ఒంట్లో వేడి లాగేసుకోకముందే. బ్యాగు మంచు మీద పడేసి దాని మీద కూర్చోండి, వీపు గాలివైపు. తాగండి, తినండి, మడమ నొప్పి ఉందేమో ఒకళ్ళనొకళ్ళు అడగండి. పది నిమిషాలయ్యాక జాకెట్ విప్పి పైనే పెట్టుకుని కదలండి. మొదటి రెండు నిమిషాలు వణుకుతారు, తర్వాత సర్దుకుంటుంది.

ఈ అబిస్కో–నిక్కలుఒక్తా దారికి ఇంకో పేరు కూడా ఉంది, డాగ్ హమ్మర్‌షోల్డ్ దారి. 1953 నుంచి 1961లో చనిపోయేదాకా ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన ఆయన ఈ కొండలంటే ప్రాణమిచ్చేవారు. దారి పొడుగునా ఆయన మాటలు చెక్కిన ధ్యాన శిలలున్నాయి. చలికాలంలో కొన్ని మంచులో కప్పబడిపోతాయి, తేలి కనిపిస్తే కాసేపు నిలబడండి. న్యూయార్క్‌లో అంత పని ఒత్తిడిలో ఉన్న మనిషి ఈ నిశ్శబ్దాన్ని ఎందుకు తలుచుకునేవారో అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

అడవిలో

సరస్సు దాటాక బర్చ్ అడవి. చదును దారి, గాలి తగ్గుతుంది, వెచ్చగా అనిపిస్తుంది. ఇక వచ్చేసినట్టే అనిపించేది ఇక్కడే. నిజానికి చాలా దూరం మిగిలే ఉంటుంది.

మొదటి సంగతి స్నోమొబైళ్ళు. నిక్కలుఒక్తా నుంచి స్టేషన్‌కి సామాన్లు, మనుషుల్ని చేరవేస్తూ ఇదే దారిన తిరుగుతాయి. ఇక్కడ వాటిని స్కూటర్లనే అంటారు, మొదటిసారి విన్నప్పుడు నాకు చేతక్ గుర్తొచ్చింది. శబ్దం వినగానే అందరూ ఒకే పక్కకి జరగాలి. కొందరటు, కొందరిటు జరిగితే నడిపేవాడికి అయోమయం. కాలు బెణికినా, ఒంట్లో బాగోకపోయినా డబ్బు కట్టి ఇవే ఎక్కి వెళ్ళొచ్చు. అయితే అది పొద్దున్నే స్టేషన్‌లో అడిగి ఖాయం చేసుకోవాలి, దారిలో చెయ్యెత్తితే ఆగుతుందనుకోవద్దు. లోయలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఉన్నచోట అత్యవసరమైతే 112.

రెండోది రెయిన్‌డీర్లు. ఇది సామీ ప్రజల నేల, నిక్కలుఒక్తా సామీల ఊరు. ఆ జంతువులు అడవివి కావు, వాళ్ళ మందలు. మార్చి, ఏప్రిల్‌లో ఆడవి కడుపుతో ఉంటాయి, మే నెలలో ఈనుతాయి. చలికాలమంతా మంచు తవ్వుకుని దొరికిన నాచు తిని బక్కచిక్కి ఉంటాయి. మనం ఫొటో కోసం దగ్గరికి పోతే లోతు మంచులో పరిగెత్తి ఉన్న కాస్త శక్తీ పోగొట్టుకుంటాయి. కనిపించగానే ఆగిపోండి, మాటలు తగ్గించండి, అవి కదిలి వెళ్ళేదాకా నిలబడండి. ఒకసారి మా ముందు పదిహేను దాకా దారికి అడ్డంగా దాటాయి. నడుస్తుంటే వాటి కాళ్ళ దగ్గర టిక్ టిక్‌మని చిన్న శబ్దం వస్తుంది, మడమ దగ్గరి నరం ఎముక మీద జారే చప్పుడు అది. ఆ నిశ్శబ్దంలో పదిహేను జతల టిక్ టిక్. బస్సు సంగతే మర్చిపోయాను.

మూడోది ఎండ. మార్చి చివరికే ఇక్కడ పగలు 13 గంటలు దాటుతుంది, ఏప్రిల్ మధ్యాహ్నం ఎండ గట్టిగా ఉంటుంది. పొద్దున్న రోడ్డులా ఉన్న ట్రాక్ మధ్యాహ్నానికి పంచదార పాకంలా అవుతుంది. స్కీ అడుగున మంచు ఉండలు కట్టి, మడమ చెప్పులేసుకున్నట్టు ఎత్తుగా నడుస్తుంటారు. కారణం ఒక్కటే, తడి మంచు మెత్తటి మైనానికి అంటుకుంటుంది. పాదం కింద గీకి, వ్యాక్స్ పల్చన చేసి, కార్క్‌తో గట్టిగా రుద్దండి. ఏప్రిల్ రెండో సగంలో వెళ్ళేవాళ్ళు పైన చెప్పిన లెక్కని ఇంకో రెండు గంటలు ముందుకి జరపండి. 4:15కే లేచి 6:45కి కదలండి.

ఆఖరి నాలుగు కిలోమీటర్లు

నా తప్పు చెప్తాను. రెండేళ్ళ కిందట నేనూ మా బావమరిదీ వెళ్ళాం. ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉండగా టైము దగ్గర పడింది.

"బావా, నేను ముందెళ్ళి బస్సు ఆపిస్తాను. మీరు మెల్లగా రండి" అన్నాడు.

"సరే, వెళ్ళు" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అతను కనుమరుగైన పది నిమిషాలకి నా ఎడమ కాలు తేలిపోయింది. చూస్తే బైండింగ్ మూడు స్క్రూల్లో రెండు ఊడిపోయాయి, మూడోది వేలాడుతోంది. స్క్రూడ్రైవర్, తీగ, టేప్, థర్మోస్, అన్నీ అతని బ్యాగులో. నా దగ్గర ఉన్నవి రెండు స్లీపింగ్ బ్యాగులు, స్టవ్వు. స్కీలు భుజాన వేసుకుని నడిచాను. ట్రాక్ గట్టిగా ఉన్నచోట పర్లేదు, మెత్తబడ్డ చోట తొడ దాకా దిగబడేది. ఒక కాలు లాగితే ఇంకో కాలు. నాలుగు కిలోమీటర్లకి రెండున్నర గంటలు పట్టింది. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. అతను ఎక్కకుండా, నేను రావట్లేదని టెన్షన్‌తో ఎదురొస్తూ కనిపించాడు. ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు, ఆ థర్మోస్‌లో మిగిలిన టీ తాగాం.

అందుకే ఈ భాగంలో చేయాల్సినవి గట్టిగా చెప్తున్నాను. గుంపు విడిపోకూడదు. అందరికంటే నెమ్మదిగా వెళ్ళేవాళ్ళు ముందు, రిపేరు సామాన్లున్నవాళ్ళు చివర. బస్సు తప్పిపోయేలా ఉంటే అందరికీ కలిపే తప్పిపోవాలి. చిన్న రిపేరు కిట్టు ఒక్కళ్ళ దగ్గర కాకుండా ఇద్దరి దగ్గర ఉండాలి: స్క్రూడ్రైవర్, రెండు స్క్రూలు, తీగ, గట్టి టేప్, కొంచెం స్టీల్ పీచు. స్క్రూ రంధ్రం వదులైతే అందులో స్టీల్ పీచో, అగ్గిపుల్లో కుక్కి బిగిస్తే ఊరు చేరేదాకా పట్టుకుంటుంది. నా దగ్గర ఆ రోజు అగ్గిపుల్లలున్నాయి, తిప్పడానికి స్క్రూడ్రైవర్ లేదు.

ఇంకొకటి. ఇళ్ళు కనిపించగానే పరుగు పెట్టకండి. అలసిన తొడలు నాగలి ఆకారం పట్టలేవు. చిన్న వాలులో కూడా ఆగి, చూసి, దిగండి.

చేరాక

స్కీలు విప్పగానే కేఫ్‌లోకి పోవాలనిపిస్తుంది. ముందు ఐదు నిమిషాలు బయట పని ఉంది. స్కీల మీది మంచు దులిపి, స్టీలు అంచులు గుడ్డతో తుడవండి, లేకపోతే ఇంటికెళ్ళేసరికి తుప్పు. రెండు స్కీలూ అడుగులు కలిపి కట్టేయండి, పోల్స్ కూడా అందులోనే. బ్యాగు అడుగున దాచుకున్న పొడి బనీను, సాక్సులు తీసుకుని లోపలికెళ్ళి మార్చుకోండి. తడి బట్టలతో బస్సులో కూర్చుంటే గంటలో చలిజ్వరం వచ్చినట్టు వణుకుతారు. తర్వాత మీ ప్లాను ఎవరి దగ్గర ఉందో వాళ్ళకి ఫోన్ చేసి చేరామని చెప్పండి. మీరు వేడి సూప్ తాగుతుంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మీ అమ్మ ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంటుంది. అక్కడ అప్పటికే రాత్రి అయిపోతుంది.

బస్సు కిరునాలో ఎక్కడెక్కడ ఆగుతుందో డ్రైవర్‌ని అడగండి. గని తవ్వకాల వల్ల నేల కుంగుతుండటంతో ఆ ఊరినే పక్కకి జరుపుతున్నారు, 2025 ఆగస్టులో చెక్క చర్చిని అలాగే మోసుకెళ్ళి 5 కిలోమీటర్ల అవతల పెట్టారు. పాత మ్యాపు చూసి దిగితే వేరే చోట తేలతారు. రైలు స్టేషన్ కూడా ఊరికి ఎడంగా ఉంది.

విమానంలో వెళ్ళేవాళ్ళు గ్యాస్ డబ్బా చేతి సంచిలోనే కాదు, చెక్-ఇన్‌లో కూడా పెట్టకూడదు. మిగిలింది ఊళ్ళోనే ఎవరికైనా ఇచ్చేయండి. పవర్‌బ్యాంకు చేతి సంచిలో, మేకు పిడులు, కత్తి చెక్-ఇన్‌లో.

ఇంటి దగ్గర అదే రాత్రి

ఎంత అలసిపోయినా బ్యాగు అదే రాత్రి విప్పండి. స్లీపింగ్ బ్యాగు సంచిలోంచి తీసి కుర్చీల మీద పరచండి, తడితో రెండు రోజులుంటే వాసన పట్టేస్తుంది. బూట్లలో పాత పేపర్లు కుక్కి, గంట తర్వాత తడిసినవి తీసి కొత్తవి పెట్టండి. హీటర్ మీద పెట్టొద్దు, తోలు బిరుసెక్కి జిగురు ఊడుతుంది. స్కిన్స్ మామూలు గదిలో వేలాడదీసి పూర్తిగా ఆరాక జిగురు వైపులు రెండూ కలిపి మడిచి సంచిలో పెట్టండి. స్కీ అడుగున మిగిలిన వ్యాక్స్ ప్లాస్టిక్ పలకతో గీకేయండి, లేకపోతే వచ్చే సీజన్‌కి దుమ్ము పట్టి నల్లగా మిగులుతుంది.

పాదాల వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసుకోండి. మొద్దుబారి ఉండి, మర్నాటికి కూడా స్పర్శ రాకపోయినా, నీటి బొబ్బలు లేచినా డాక్టర్‌కి చూపించండి.

ఆ తర్వాత ఒక కాగితం తీసుకుని, ఏడు రోజుల్లో బ్యాగులోంచి ఒక్కసారి కూడా తియ్యనివి ఒక పక్క, లేక ఇబ్బంది పడ్డవి ఇంకో పక్క రాయండి. గాలి సంచి, పార, మందు డబ్బాని మాత్రం మొదటి వరసలో రాయొద్దు. నా కాగితంలో రెండో పక్క మొదటి మాట స్క్రూడ్రైవర్. పొడుగ్గా కాదు, వేలెడంత ఉంటుంది. ఇప్పుడది నా జాకెట్ ఎడమ జేబులో, పల్లీపట్టీ ముక్కల పక్కన ఉంటుంది.